చేయగలవా అని అడిగితే చేయగలననే చెప్తాం

మొన్న ఒక ఫ్రెండ్‌తో ఫోన్‌లో మాట్లాడుతూ, ప్రైవేట్‌గా ఆటిజం అసెస్‌మెంట్‌కి డేట్ తీసుకున్నాననీ, దానికి ప్రిపేర్ అవుతున్నాననీ చెప్పా. ఆటిజం అన్నందుకు పెద్దగా ఆశ్చర్యపోలేదు గానీ ప్రిపేర్ అన్న మాట దగ్గర ఆగిపోయింది. "ప్రిపేర్ అవ్వడం ఏంటే? బ్లడ్ టెస్ట్‌కి ఎవరైనా చదువుకుని వెళ్తారా? ముందే అన్నీ చదివేసి, రాసుకుని వెళ్తే వాళ్ళకి కనిపించేది నువ్వా, నువ్వు చదివిందా?" అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. నాకు అప్పటికప్పుడు ఏం చెప్పాలో తోచలేదు. నాకు ఏ ప్రశ్నకైనా జవాబు ఫోన్ పెట్టేశాకే వస్తుంది, అది వేరే సంగతి. వేరే సంగతి కాదేమో కూడా.

ఇంకో మాట ముందే చెప్పేస్తా, అసెస్‌మెంట్ ఇంకా అవ్వలేదు. కావాలనే ఇప్పుడు రాస్తున్నా. అయ్యాక "అవును" అని తేలితే ఇదంతా నన్ను నేను సమర్థించుకున్నట్టు ఉంటుంది, "కాదు" అని తేలితే ఉక్రోషంతో రాసినట్టు ఉంటుంది. ఏదీ తెలియని ఈ మధ్యకాలంలోనే కాస్త నిజాయితీగా రాయొచ్చనిపించింది.

ఏ పరికరమూ కొలవనిది

తను బ్లడ్ టెస్ట్ అనడంలోనే అసలు తిరకాసు ఉంది. ఆటిజానికి రక్త పరీక్ష లేదు, స్కాన్ లేదు. ఉన్నదల్లా మనం చెప్పుకునేది, మన చిన్నతనం గురించి ఇంట్లోవాళ్ళు చెప్పేది, ఎదురుగా కూర్చున్న సైకాలజిస్ట్ ఆ కాసేపట్లో గమనించేది. ఈ మూడింటినీ అమెరికా సైకియాట్రిస్టుల సంఘం పుస్తకం డీఎస్ఎం-5 లోనో, ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 లోనో ఉన్న లక్షణాల పక్కన పెట్టి చూస్తారు. డీఎస్ఎం ప్రకారమైతే మనుషులతో మెలిగే విషయంలో చెప్పిన మూడు ఇబ్బందులూ ఉండాలి, ఒకే పద్ధతి పట్టుకుని ఉండటం, ఒకే కదలిక మళ్ళీమళ్ళీ చేయడం, ఒకే విషయంలో మునిగిపోవడం, శబ్దాలూ వెలుతురూ తాకిడీ లాంటివి అతిగానో మరీ తక్కువగానో తెలియడం అనే నాలుగింట్లో కనీసం రెండు ఉండాలి, అవి చిన్నప్పటినుంచీ ఉండాలి, బతుకులో నిజంగా ఇబ్బంది పెట్టేంత ఉండాలి. ఇప్పుడు కనపడకపోయినా గతంలో ఉన్నవీ లెక్కలోకి వస్తాయి.

అంటే అడిగేది ఇవాళ నా పరిస్థితి ఏంటని కాదు, నా మొత్తం జీవితం ఎలా నడిచిందని. దాన్ని కొన్ని గంటల్లో, కొత్త గదిలో, కొత్త మనిషి ముందు, "మీ ఫ్రెండ్స్ గురించి చెప్పండి" లాంటి ఎటు మొదలుపెట్టాలో తెలియని ప్రశ్నలకి జవాబుగా చెప్పాలి. ఇలాంటి ప్రశ్నలకి అప్పటికప్పుడు జవాబు దొరక్కపోవడమే కదా నన్ను అక్కడిదాకా తెచ్చింది. ఆ ఇబ్బంది ఉన్నవాళ్ళని పట్టుకుని ఏమీ రాసుకోకుండా రండి, అప్పుడే మీరు అసలైనవాళ్ళు అంటే ఎలా?

అయితే ఫ్రెండ్ అడిగినదాంట్లో సగం కరెక్టే. ప్రిపరేషన్‌లో రెండు రకాలు ఉన్నాయి, ఒకటి జవాబులు తయారుచేసుకోవడం, రెండోది సాక్ష్యం పోగేసుకోవడం. మొదటిది చేస్తే నిజంగానే ఎదుటివాళ్ళకి కనిపించేది నేను చదివిందే అవుతుంది. రెండోది చేయకపోతే వాళ్ళకి కనిపించేది ఇన్నేళ్ళుగా నేను అందరికీ చూపిస్తున్న మనిషి. నా వాదనంతా ఈ రెండో దాని గురించే.

ఐదు నిమిషాల ఫోన్

పెద్దయ్యాక అసెస్‌మెంట్‌కి వెళ్ళేవాళ్ళకి వచ్చే మొదటి చిక్కు ఏంటంటే, అడిగిన ప్రతి పనీ మనం చేయగలం. ఉద్యోగం చేస్తున్నాం, అద్దె కడుతున్నాం, పెళ్ళిళ్ళకి వెళ్తున్నాం, మీటింగుల్లో అందరూ నవ్వినప్పుడు నవ్వుతున్నాం. "మీరు ఇది చేయగలరా?" అంటే "చేయగలను" అని రావడం సహజం, అది అబద్ధం కూడా కాదు. అందుకే నా నోట్స్‌లో నేను ఏం చేయగలను, ఏం చేయలేను అని రెండు కాలమ్స్ గీసి, మర్నాడు కొట్టేసి, ఇంకోలా మొదలుపెట్టా. పని, దానికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది, అంతే.

ఒకటి చెప్తా. ఒక ఆఫీసుకి ఫోన్ చేసి అడ్రస్ మార్పించుకోవాలి. చేశాను, పని అయింది, లైన్‌లో ఉన్నది ఐదు నిమిషాలు కూడా ఉండదు. దానికి ముందు జరిగింది ఇది: పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ వేరే ఏ పని మొదలుపెట్టినా మనసు దాని మీదే ఉంది. చివరికి ఒక కాగితం తీసుకుని మొదటి వాక్యం పూర్తిగా రాశా, "నమస్తే అండీ, నా అడ్రస్ మార్చాలి, దానికోసం ఫోన్ చేశా" అని, పేరుతో సహా. నా పేరు నాకు గుర్తుండదని కాదు, మొదటి ఊపిరి మీద అది కూడా రాదు. కింద కస్టమర్ నంబర్, పాత అడ్రస్, కొత్త అడ్రస్. వాళ్ళు అవుతుంది అంటే ఏం అనాలి, ఆఫీసుకి రమ్మంటే ఏం అనాలి అని రెండు దారులు. డయల్ చేసి గదిలో అటూ ఇటూ నడుస్తున్నా. అటువైపు ఒకావిడ ఎత్తి, కాగితం మీద లేనిది ఏదో అడిగింది, వెనక వేరేవాళ్ళ మాటలు కూడా వినిపిస్తున్నాయి, నాకు పదాలు వినపడుతున్నాయి గానీ మాట అవ్వట్లేదు, "ఆఁ అవునండీ" అన్నా. దేనికి అవునన్నానో ఇప్పటికీ తెలీదు. పని మాత్రం అయింది. పెట్టేశాక దుప్పటి ముసుగేసుకుని పడుకున్నా, ఆ రోజుకి అనుకున్న ఇంకే పనీ అవ్వలేదు.

క్లినిక్ పంపిన ఫారంలో దీనికి ఉన్న చోటు ఒక్క గడి. ఫోన్‌లో మాట్లాడటం ఇబ్బందా అని అడిగితే, నాలాంటివాళ్ళు ఆలోచించి ఆలోచించి "కొంచెం" మీద టిక్ పెడతారు, ఎందుకంటే నిజంగా మాట్లాడలేనివాళ్ళు ఉంటారు కదా, వాళ్ళ చోటు మనం ఎందుకు తీసుకోవాలి. ఆ టిక్‌లో పైన రాసిందంతా మాయమైపోతుంది. చూసేవాళ్ళు తెలివితక్కువవాళ్ళని కాదు, వాళ్ళకి ఆ కాగితం కనపడదు అంతే.

ఇది నా సొంత పైత్యం కాదు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ఐసీడీ-11 ఆటిజం వివరణలోనే ఉంది, కొందరు అసాధారణమైన ప్రయత్నంతో చాలా చోట్ల మామూలుగానే నెట్టుకొస్తారు, వాళ్ళ ఇబ్బంది పక్కవాళ్ళకి తెలియకపోవచ్చు, అయినా డయాగ్నసిస్ ఇవ్వడం సరైనదే అని. డీఎస్ఎం-5 కూడా 2013 లోనే అంది, నేర్చుకున్న పద్ధతుల వెనక లక్షణాలు దాక్కుని ఉండొచ్చని. మరి ఆ ప్రయత్నం ఎంతో మనం చెప్పకపోతే ఎవరు చెప్తారు? గదిలో కూర్చుని చూసేవాళ్ళకి ఫలితమే కనిపిస్తుంది. చుట్టాలొస్తున్నారంటే సామానంతా మంచం కిందకి తోసేసి ఇల్లు సర్దే అలవాటు మనది, ఈ అపాయింట్‌మెంట్‌లో వాళ్ళు చూడాల్సింది ఆ మంచం కిందే.

ఇంకో చిన్న సంగతి. ఆ రోజు ఎలా అనిపించింది అని అడుగుతారు, నాకు దానికి జవాబు ఉండదు, "బాగానే ఉంది" అంటా. తన ఫీలింగ్ ఏంటో తనకే పేరు పెట్టలేకపోవడాన్ని అలెక్సిథైమియా అంటారు, ఆటిజం ఉన్నవాళ్ళలో ఇది చాలామందిలో కనిపిస్తుంది, అందరిలో కాదు. దీనికి నాకు దొరికిన ఉపాయం, ఏమనిపించిందో రాయడం మానేసి ఒంట్లో ఏం జరిగిందో రాయడం. దవడ బిగుసుకుంది, చేతులు చల్లబడ్డాయి, ట్యూబ్‌లైట్ చప్పుడు మనుషుల మాటలకన్నా పైకి వినిపించింది. ఇవి చెప్పడం నాకు తేలిక, వినేవాళ్ళకి "ఆందోళనగా ఉంది" అన్నదానికన్నా పనికొచ్చేవి కూడా ఇవే అనుకుంటున్నా.

స్కోర్లని ఎంత నమ్మాలి

మనందరం ఇక్కడికి వచ్చే దారి ఒకటే, అర్ధరాత్రి ఆన్‌లైన్ టెస్టులు. ఏక్యూ అనే ఆటిజం ప్రశ్నావళిలో 50 ప్రశ్నలు, 2001లో వచ్చింది. దాని పొట్టి రూపం ఏక్యూ-10లో పది ప్రశ్నలే, ఆరు దాటనక్కర్లేదు, ఆరు వచ్చినా చాలు, పూర్తి అసెస్‌మెంట్ గురించి ఆలోచించమంటారు. రాడ్స్-ఆర్‌లో 80 ప్రశ్నలు, గరిష్ఠం 240, ఆటిజం ఉండొచ్చు అనే హద్దు 65. మాస్కింగ్, అంటే ఆటిజం లక్షణాలు బయటపడకుండా దాచుకోవడం, దాన్ని కొలవడానికి క్యాట్-క్యూ ఉంది, 25 ప్రశ్నలు, 2019 నాటిది. ఇవన్నీ మీకూ తెలిసే ఉంటాయి, కొందరికి స్కోర్లు కూడా నోటికొచ్చి ఉంటాయి.

రాడ్స్-ఆర్ కథ మాత్రం కాస్త చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది స్క్రీన్‌షాట్ తీసుకుని దాచుకునేది దాన్నే. 2011లో అది తయారుచేసినవాళ్ళ పేపర్‌లో దాదాపు తిరుగులేని లెక్కలు ఉన్నాయి, ఆటిజం ఉన్నవాళ్ళలో 97 శాతం మందిని పట్టుకుంది, లేనివాళ్ళలో ఒక్కర్ని కూడా పొరపాటున పట్టుకోలేదు. తీరా 2021లో ఒక అడల్ట్ క్లినిక్‌కి వచ్చినవాళ్ళ మీద, ముందుగా ఇంట్లో నింపుకొచ్చే ఫారంలా వాడి చూస్తే, స్కోరుకీ చివరి డయాగ్నసిస్‌కీ సంబంధమే కనపడలేదు. ఆటిజం కాదని తేలినవాళ్ళు కూడా ఎక్కువమంది హద్దు దాటేశారు. ఆలోచిస్తే ఇందులో వింతేం లేదు. మామూలు జనాన్నీ ఆటిజం ఉన్నవాళ్ళనీ విడదీయడం ఒక పని, క్లినిక్‌దాకా వచ్చినవాళ్ళలో ఎవరిది ఆటిజమో ఎవరిది ఆందోళనో ఎవరిది ధ్యాస నిలవని ఏడీహెచ్‌డీనో విడదీయడం ఇంకో పని. మనుషుల మధ్య అలిసిపోవడం వీళ్ళందరికీ ఉంటుంది.

అందుకే నేను స్కోర్లు తీసుకెళ్తున్నా గానీ వాటిని ఫైలులో చివర పెట్టా. స్కోరు కన్నా నాకు పనికొచ్చింది, టిక్ పెట్టేటప్పుడు ఎక్కడ ఆగిపోయానో అది. రాడ్స్-ఆర్‌లో ప్రతి వాక్యానికీ నాలుగు జవాబులు ఉంటాయి, ఇప్పుడూ నిజమే పదహారేళ్ళలోపూ నిజమే, ఇప్పుడు మాత్రమే, పదహారేళ్ళలోపు మాత్రమే, ఎప్పుడూ కాదు. "చిన్నప్పుడు మాత్రమే" అని టిక్ పెట్టబోతూ ఆగిన ప్రతిచోటా ఒక ప్రశ్న వేసుకున్నా, అది నిజంగా పోయిందా, లేక ఎవరో ఏదో అంటే దాచడం నేర్చుకున్నానా? ఉదాహరణకి చేతివేళ్ళు ఆడించడం. పోలేదు, ఇప్పుడు జేబులో చెయ్యి పెట్టుకుని ఆడిస్తా. ఎవరు ఏమన్నారో, నేను ఏ క్లాసులో ఉన్నానో కూడా గుర్తుంది, అది రాసుకున్నా. ఇలాంటి నాలుగు లైన్లు ఏ స్కోరు కన్నా ఎక్కువ చెప్తాయని నా నమ్మకం.

అమ్మని ఏం అడగాలి

చిన్నతనం గురించి ఇంట్లోవాళ్ళతో మాట్లాడతాం అని క్లినిక్ చెప్పింది. దీనికి కొందరు వాడే ఏడీఐ-ఆర్ అనే ఇంటర్వ్యూలో 93 ప్రశ్నలు ఉంటాయి, చాలావరకు నాలుగైదేళ్ళ వయసు చుట్టూ తిరుగుతాయి. ఇన్నేళ్ళ తర్వాత ఏ తల్లికైనా అవన్నీ గుర్తుంటాయా? ముందు ఒకసారి నేనే అడిగి చూద్దామని అమ్మ దగ్గర కూర్చున్నా.

"నువ్వు చిన్నప్పుడు అసలు విసిగించేదానివే కాదు. ఎక్కడ కూర్చోబెడితే అక్కడే. పలకరిస్తే తప్ప నోరు విప్పేదానివి కాదు. మీ అన్నయ్యలా కాదమ్మా, బంగారం" అంది. మెచ్చుకోలుగానే అంది. ఈ మాటే అమ్మ సైకాలజిస్ట్‌తో చెప్తే ఏం రాసుకుంటారు? ఏ ఇబ్బందీ లేదని రాసుకున్నా తప్పు పట్టలేం.

అప్పుడు ప్రశ్న మార్చా. నేనెలా ఉండేదాన్ని అని కాకుండా, "నన్ను బయటికి తీసుకెళ్ళాలంటే ముందు నువ్వు ఏం చేసేదానివమ్మా?" అని అడిగా.

"ఏముంటుంది, ఎక్కడికి వెళ్తున్నామో, అక్కడ ఎవరెవరు ఉంటారో, ఎప్పుడు వచ్చేస్తామో అన్నీ వరసగా చెప్పాలి. ఒకటి మారిందా, ఇక గుమ్మం దాటేదానివి కాదు. కొత్త గౌనైతే మెడ దగ్గర లేబుల్ బ్లేడుతో కోసేసి, ఓసారి ఉతికి, మెత్తబడ్డాక వేసేదాన్ని. లేకపోతే ఒకటే గోల."

"అందరు పిల్లలకీ అలా చేస్తారా?"

"చేయరూ? మా అమ్మ నాకు అలాగే చేసేది."

నాకు నవ్వొచ్చింది, అమ్మకి ఎందుకో అర్థం కాలేదు, కాసేపటికి అర్థమై "అయితే నన్ను కూడా చూపిస్తావా ఏంటి" అంది. పెద్దయ్యాక ప్రయత్నం నేను చేస్తున్నా, చిన్నప్పుడు ఆ ప్రయత్నం అమ్మ చేసింది, అంతే తేడా. ఆవిడ అంత బాగా చేసింది కాబట్టే నేను "విసిగించని పిల్ల"ని. పైగా ఇంట్లో ఇంకొకరు కూడా అలాగే ఉంటే ఇక అది లక్షణంలా కాదు, ఇంటి పద్ధతిలా ఉంటుంది. అందుకే ఇంట్లోవాళ్ళని అడగాల్సింది పిల్ల ఏం చేసేది అని కాదు, పిల్ల కోసం మీరు ఏమేం చేయాల్సి వచ్చేది అని. క్లినిక్‌కి కూడా ఈ మాటే మెయిల్ రాశా, అమ్మతో మాట్లాడేటప్పుడు ఇలా అడగండి అని. అది కోచింగ్ ఇవ్వడం కాదా అని ఒక్క నిమిషం ఆలోచించా. జవాబు నేను చెప్పిపెట్టట్లేదు, ప్రశ్న ఏ వైపు నుంచి అడిగితే జవాబు దొరుకుతుందో చెప్తున్నా, కాబట్టి కాదు అనే తేల్చుకున్నా.

ఆ రాత్రి అమ్మ మళ్ళీ వచ్చి "నేనేమైనా సరిగ్గా చూసుకోలేదా" అని అడిగింది. ఈ ప్రశ్నకి ముందుగా సిద్ధపడాల్సింది. తల్లి ప్రేమగా చూడకపోవడం వల్లే ఆటిజం వస్తుందని 1950, 60ల్లో డాక్టర్లే అనేవాళ్ళు, ఆ సిద్ధాంతం ఎప్పుడో కొట్టుకుపోయింది, కానీ దాని మరక తల్లుల మనసుల్లోంచి పోలేదు. ఎవరూ చెప్పకుండానే ఆవిడకి ఆ అనుమానం వచ్చింది చూడండి.

తల్లిదండ్రులు లేనివాళ్ళూ, ఉన్నా చెప్పే పరిస్థితి లేనివాళ్ళూ దీని గురించి చాలా భయపడతారు. తోబుట్టువులు, పాత ప్రోగ్రెస్ కార్డుల మీద టీచర్లు రాసిన ఒక్క లైన్, పాత వీడియోలు, ఇవి కూడా పనికొస్తాయి. ఏదీ లేకపోయినా చేసేవాళ్ళు ఉన్నారు, డేట్ తీసుకునేముందే అడగడం మంచిది.

కాదేమో అనే పేజీ

ఇప్పుడు నన్ను బాగా ఇబ్బంది పెట్టిన అనుమానం. ఒకసారి ఆటిజం గురించి చదవడం మొదలుపెట్టాక గతమంతా తిరగరాసుకుంటాం. స్కూల్లో ఒంటరిగా కూర్చున్నది ఆటిజమే, గొడవ పడ్డది ఆటిజమే, గణితం వచ్చినా ఆటిజమే, రాకపోయినా ఆటిజమే. సాక్ష్యం పోగేస్తున్నా అంటున్నా కదా, కావలసిన సాక్ష్యమే ఏరుకుంటున్నానేమో?

దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు, ఒక పద్ధతి మాత్రం ఉంది. ఫైలులో ఒక పేజీ దీనికోసమే పెట్టా. ఆటిజం కాకపోతే ఇవన్నీ ఎందుకు జరిగి ఉంటాయి? నాన్న ట్రాన్స్‌ఫర్ల వల్ల స్కూళ్ళు మారుతూనే ఉన్నా, ఎవరికైనా స్నేహాలు కష్టమే. ఇంటర్‌లో ఒక చెడ్డ ఏడాది ఉంది, ఆందోళన అక్కడ మొదలై ఉండొచ్చు. వస్తువులు పోగొట్టుకోవడం, పని మొదలుపెట్టలేకపోవడం ఏడీహెచ్‌డీ కూడా కావచ్చు, 2013కి ముందు డీఎస్ఎం ప్రకారం ఈ రెండూ కలిపి ఒకే మనిషికి ఇవ్వకూడదు, ఇప్పుడు ఇవ్వొచ్చు. ఆటిజం ఉంటే వెటకారం అర్థం కాదంటారు, నాకు అర్థమవుతుంది. చిన్నప్పటి నుంచీ విడవకుండా ఉన్న ఫ్రెండ్ ఒకత్తి ఉంది, ఈ వ్యాసం పైన ఫోన్‌లో ఉన్నది తనే.

అన్నీ రాశాక ఒక్కోదాని పక్కన తేదీలు చూసుకున్నా. లేబుళ్ళు కోసింది స్కూళ్ళు మారకముందు. వెటకారం నాకు చదివితే అర్థమవుతుంది, మనిషి ముఖం మీద అంటే ఆలస్యంగా అర్థమవుతుంది. కొన్ని మాత్రం నిజంగానే తేలలేదు, ఆ చెడ్డ ఏడాదికి ముందూ వెనకా నేను ఒకేలా ఉన్నానో లేదో నాకు తెలియట్లేదు. ఆ పేజీని కూడా ఇస్తా. దాచుకుని వెళ్తే నేను వెళ్తున్నది తెలుసుకోవడానికి కాదు, ఒప్పించడానికి.

నేను చదవకుండా వదిలేసింది ఒకటుంది. ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించి, కొన్ని పనులు చేయించి గమనించే ఏడాస్ అనే పరీక్ష ఉంది కదా, 2012లో దాని రెండో ఎడిషన్ వచ్చింది, బాగా మాట్లాడగలిగే టీనేజర్లకీ పెద్దవాళ్ళకీ అందులో నాలుగో మాడ్యూల్ వాడతారు, గంటలోపు అయిపోతుంది. అందులో ఏమేం చేయిస్తారో చెప్పే వీడియోలు బోలెడున్నాయి. చూడలేదు. లక్షణాల జాబితా చదవడం తప్పు కాదు, అది నా జీవితం గురించి అడిగే ప్రశ్న. ఇది అలా కాదు, తెలియకుండా ఎదురుపడితేనే దానికి అర్థం ఉంది. తెలిసి వెళ్తే రెండు వైపులా ప్రమాదమే, అతిగా చేస్తామేమో అన్న భయంతో మరీ మామూలుగా చేసేస్తాం, నాలాంటివాళ్ళ విషయంలో ఈ రెండోదే ఎక్కువ జరుగుతుందనుకుంటున్నా. బాగా మాస్క్ చేసేవాళ్ళు ఆ గంటలో దొరక్కపోవచ్చు కూడా, అందుకే దాని ఒక్కదాని మీదే తేల్చకూడదు.

డబ్బులిస్తే ఎవరికైనా ఇచ్చేస్తారట

ప్రైవేట్ అనగానే వినిపించే మాట ఇది. కొట్టిపారేయను. కట్టేది వాళ్ళ టైముకీ రిపోర్టుకీ గానీ ఫలితానికి కాదు అని మనం అనుకుంటాం, కానీ కస్టమర్ నిరాశగా వెళ్ళకూడదు అనే ఒత్తిడి ఏ వ్యాపారంలోనైనా ఉంటుంది, ఇందులో ఉండదని ఎలా చెప్తాం? నేను మొదట అడిగిన ఒకచోట, మీరు కాదు అని చెప్పేది ఎంతమందికి అని మెయిల్‌లో అడిగితే, "కంగారు పడకండి, మా దగ్గరికి వచ్చినవాళ్ళకి దాదాపు అందరికీ వస్తుంది" అని రాశారు. ధైర్యం చెప్పడానికే రాశారు పాపం. న్యాయంగా చూస్తే అందులో కొంత నిజం ఉండే అవకాశం కూడా ఉంది, ఏళ్ళ తరబడి ఆలోచించి, డబ్బు కూడబెట్టి వచ్చేవాళ్ళు ముందే వడపోత అయి ఉంటారు. అయినా నేను అక్కడికి వెళ్ళలేదు. కాదు అనడం తెలియని చోట అవును అన్నా నాకు నిద్ర పట్టదు.

తర్వాత అడిగిన చోట ప్రశ్నలు ఇంకా పెంచా. చూసేవాళ్ళకి లైసెన్స్ ఉందా, పెద్దవాళ్ళతో అనుభవం ఉందా, ఒక్కరే చూస్తారా ఇద్దరా, ఇంట్లోవాళ్ళతో మాట్లాడతారా లేక ఫారాలు చూసి తేల్చేస్తారా, ఆటిజం కాకపోతే ఇంకేమై ఉండొచ్చో చెప్తారా, రిపోర్ట్‌లో ఏ లక్షణానికి ఏ ఆధారమో విడివిడిగా రాస్తారా. ఆఫీసులోనో ప్రభుత్వ సేవల్లోనో వాడుకోవాలనుకుంటే, ప్రైవేట్ రిపోర్ట్ అక్కడ చెల్లుతుందా లేదా అన్నది క్లినిక్‌ని కాదు, ఆ తీసుకునేవాళ్ళనే అడగాలి, కొన్నిచోట్ల ఒప్పుకోరు. ఇన్సూరెన్స్ లాంటి ఫారాల మీద ఇక నుంచి ఏం రాయాల్సి వస్తుందో కూడా ముందే కనుక్కోవాలి, ఒకసారి కాగితం మీద పడ్డాక వెనక్కి తీసుకోలేం.

ఈ ప్రశ్నలన్నీ ఒకే మెయిల్‌లో నంబర్లు వేసి పంపితే, నంబర్ల వారీగానే జవాబు వచ్చింది. అక్కడే డేట్ తీసుకున్నా. ఏ కారణంతో క్లినిక్ ఎంచుకున్నావ్ అని అడిగితే నిజంగా ఇదే.

ఆ రోజుకి సంబంధించి పెద్దగా చెప్పడానికి లేదు. ఇంటర్వ్యూకి వెళ్ళినట్టు తయారై వెళ్ళకూడదని, నోట్స్ చూసి చదువుతానని ముందే చెప్పాలని, లైటు ఎక్కువైతే తగ్గించమని అడగాలని రాసుకున్నా. అడగడం కష్టం, అందుకే ఇది కూడా మెయిల్‌లో పెట్టేశా. నోట్స్‌ని మొదట పూర్తిగా రాశా, చాలా పేజీలైంది, ఎవరూ చదవరని తగ్గించా. ఇప్పుడు ఒక్కో లక్షణం కింద చిన్నప్పటిది ఒకటి, ఇప్పటిది ఒకటి, రెండింట్లోనూ ముందూ తర్వాతా. మిగతావి వెనక జతచేశా, కావాలంటే చూస్తారు.

కాదు అని వస్తే ఏం చేస్తావ్ అని కూడా అడిగింది ఫ్రెండ్. బాధపడతా, అబద్ధమెందుకు. కానీ మరి ఇదంతా ఏంటో చెప్పమని అడుగుతా, ఆ ఫోన్ కాగితం, ఆ దుప్పటి, అవి జరిగాయి కదా, పేరు మారితే అవి జరగకుండా పోవు. ఎందుకు కాదో వాళ్ళు విడమరిచి చెప్తే, నేను రాసుకున్న పేజీల్లో ఏది ఎక్కడ తప్పిందో చూసుకోగలను. చెప్పకపోతే ఇంకొకరికి చూపించుకోగలను. జవాబులు బట్టీపట్టి వెళ్ళి ఉంటే ఈ రెండింట్లో ఏదీ కుదరదు.

తర్వాతి రోజుకి కూడా లీవ్ పెట్టా. గంటలకొద్దీ నా గురించి నేనే మాట్లాడాక మర్నాడు మీటింగులో నవ్వే ఓపిక ఉండదని తెలుసు. కారణం దగ్గర "పర్సనల్" అని రాశా, మేనేజర్ అంతా ఓకేనా అని అడిగాడు, "ఓకే అండీ" అన్నా. అది కూడా నోట్స్‌లోకి ఎక్కించా.